గోడ కదలకుండ మారిన ఇల్లు

ఒక వీధిలో ఒక పెంకుటిల్లు ఉన్నదనుకొందము. ఇంటివారు వీధి అరుగుమీద కుట్టుమిషను పెట్టుకొని నాలుగు రవికలు కుట్టి ఇచ్చుచుందురు. ఎవరికిని అభ్యంతరము లేదు. కొంతకాలమునకు ముందుగది చిల్లర కొట్టు అయినది. ఉప్పో చింతపండో దగ్గరనే దొరకుచున్నది గనుక ఇరుగుపొరుగువారు సంతోషించిరే కాని నొచ్చుకొనలేదు. మరి కొన్నాళ్లకు వెనుక వసారాలో పిండిమర వెలసినది. తెల్లవారక మునుపే మర తిరుగును. ప్రక్కింటి గోడకు తగిలించిన పటములు అదరును. ఆరవేసిన బట్టలమీద తెల్లని దుమ్ము పడును. ఇంత జరిగినను ఇంటి గోడ ఒక్కటైనను కదలలేదు, పెంకు ఒక్కటైనను మారలేదు. టేపు పట్టి కొలిచినచో ఇది నిన్నటి ఇల్లే. నిన్నటి ఇల్లు కాదని ప్రక్కవారికి తెలియును. మరి ఆ మార్పు ఏనాడు జరిగినది? కుట్టుమిషను నాడా, కొట్టు నాడా, మర నాడా? దానిని ఆపు అధికారము ఎవరికైనను కలదా? కలిగినచో, తన డబ్బుతో కొన్న తన ఇంటిలో తాను ఏమి చేసికొనవలెనో చెప్పుటకు వారెవరు?

నేడు పురపాలక కార్యాలయములలో భూవినియోగ మార్పు అనుమాట వినని దినము ఉండదు. ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. మన చట్టములలోని పదములు చాలవరకు ఇంగ్లండునుండి ఓడలెక్కి వచ్చినవే గనుక ఆ చరిత్రను అక్కడనే మొదలుపెట్టుట న్యాయము.

పూర్వము ఇంగ్లీషు న్యాయశాస్త్రము ఇట్టి తగవులను పొరుగువారి తగవులుగనే చూచెడిది. 1879లో తీర్పైన ఒక వ్యాజ్యము ఇందుకు నిదర్శనము. లండను నగరములో విగ్మోరు వీధిలో ఒక మిఠాయి వ్యాపారి ఉండెను. అతని వంటగది ఇంటి వెనుక భాగమున ఉన్నది. అక్కడ పెద్ద రోళ్లలో రోకళ్లతో సరకులు దంచుట ఇరువది ఏండ్లకు పైగా సాగుచున్నది. ఆ ఇంటికి వెనుకగా, వింపోలు వీధివైపు, ఒక వైద్యుడు ఉండెను. రోటిచప్పుడు ఆయన ఇంటివరకు వచ్చినను తోట అడ్డముండుటచే బాధ లేకపోయినది. కాని ఆయన తన తోట చివర, సరిగా ఆ వంటగది గోడ నానుకొని, రోగులను పరీక్షించుటకు ఒక గది కట్టించుకొనెను. గది పూర్తియైన తరువాత చూచినచో, రోగి గుండెమీద గొట్టము పెట్టి వినబోవు వైద్యునకు గుండెచప్పుడు బదులు రోటిపోటు వినవచ్చెను! వైద్యుడు కోర్టు కెక్కెను. ఇరువదేండ్లుగా దంచుచున్నాను, ఇది నాకు హక్కైనది అని మిఠాయివాడు వాదించెను. గది కట్టువరకు ఎవరికిని బాధయే లేదు గనుక బాధపెట్టు హక్కు మాత్రము ఎట్లు సంక్రమించునని న్యాయమూర్తులు ప్రశ్నించి, దంచుట ఆపుమని ఆజ్ఞ ఇచ్చిరి.

ముందు వచ్చిన వాడు ఓడిపోవుట, వెనుక వచ్చి గది కట్టినవాడు గెలుచుట మనకు కొంత వింతగనే తోచును. కాని ఆ తీర్పులో న్యాయమూర్తి మరొక మాట సెలవిచ్చెను. ధనికులు నివసించు బెల్‌గ్రేవు స్క్వేరులో బాధ అనిపించునది, తోళ్లు ఊనువారితో నిండిన బెర్మండ్సీలో బాధ కానక్కరలేదని దాని భావము. పేటనుబట్టి న్యాయము! ఏ పేట దేనికి అను ఆలోచనకు బీజము ఇందులో ఉన్నది. అయితే పేట స్వభావమును నిర్ణయించువారు ఎవరు? ఆనాటి సమాధానము: ఎవరును కారు, అది దానంతట అదే ఏర్పడును.

రెండవ మార్గము అమ్మకపు దస్తావేజులో కట్టుబాటు వ్రాసికొనుట. 1808లో లండనులోని లెస్టరు స్క్వేరు నడుమనున్న తోటను దాని యజమాని అమ్ముచు, దీనిని తోటగనే ఉంచవలెను, కట్టడములతో కప్పరాదు అని వ్రాయించుకొనెను. తోట చేతులు మారినది. చివర కొన్న వ్యక్తి, ఆ కట్టుబాటు సంగతి తెలిసియే కొని, నాతో ఎవరును ఒప్పందము చేసికొనలేదు గదా అని కట్టడమునకు సిద్ధపడెను. 1848లో లార్డు కాటెన్‌హామ్ ఆ వాదమును త్రోసివేసెను. తెలిసి కొన్నవాడు కట్టుబాటుకు లోబడవలసినదే అని తీర్పు. అటుపిమ్మట 1874లో ఆ తోట ప్రజల విహారమునకై తెరువబడినది. లండను నడిబొడ్డున నేటికిని అది తోటగనే ఉన్నది.

ఈ రెండు మార్గములును ఆస్తి కలవారి మార్గములే. మొదటిదానికి లాయరు ఫీజు కావలెను, అదియును కీడు జరిగిన తరువాతనే. రెండవదానికి దస్తావేజు కావలెను. సందులో అద్దెగదిలో ఉన్న కుటుంబము ప్రక్క సబ్బు కార్ఖానా వచ్చినచో ఆ కుటుంబమునకు రోలూ లేదు, దస్తావేజూ లేదు.

మన దేశములో ప్రభుత్వము భూవినియోగమును గమనింపకపోలేదు; కాని దాని కన్ను వేరు. మద్రాసు రాజధాని రెవెన్యూ లెక్కలలో పల్లము, మెట్ట, తోట, గ్రామకంఠము అని వేరువేరు. మెట్టగా లెక్కవేసిన భూమికి సర్కారు నీరు పారించి వరి వేసినచో తీర్వజాస్తి కట్టవలెను. రెండవ పంటకు ఫసలీజాస్తి. నీటితీరువ విధించుటకై 1865లో ప్రత్యేకముగ ఒక చట్టమే వచ్చినది. రైతు తన భూమిని ఏమి చేసికొన్నను కరణము కాదనడు. మారినదానికి తగిన పన్ను మాత్రము వ్రాసికొనును. మార్పును వద్దనుటకు కాక, మార్పులో వాటా తీసికొనుటకు పుట్టిన చూపు అది. ఆ చూపు మన ప్రాంతములో చాలకాలము నిలిచినది. 1963లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వ్యవసాయేతర భూముల పన్ను చట్టము కూడ పన్ను చట్టమే. సాగుభూమిని ఇతరమునకు మార్చుటకు ముందుగ అనుమతి పొందవలెనను ప్రత్యేక చట్టము 2006లో గాని రాలేదు.

ఇంగ్లండునకు మరలుదము. 1909లో జాన్ బర్న్స్ అను మంత్రి గృహనిర్మాణ, పట్టణ ప్రణాళికా చట్టమును తెచ్చెను. కార్మికకుటుంబములో పుట్టి మంత్రిపదవి కెక్కిన తొలివారిలో ఆయన ఒకడు. ఈ చట్టము కొత్తగా ఇండ్లు రాబోవు పొలములకే వర్తించెను. ఉన్న పట్టణమును తాకలేదు. దాని ననుసరించియే మన దేశమున 1915లో బొంబాయి చట్టము, 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టము పుట్టినవి. ఇంగ్లండులో 1932 చట్టము పల్లెపట్టులను, కట్టి ఉన్న ప్రాంతములను గూడ ప్రణాళికలోనికి తెచ్చినది. కాగితముమీద అంతయు బాగుగనే ఉన్నది. చిక్కు డబ్బుదగ్గర వచ్చినది.

ఒక రైతు పొలములో ఇండ్లు కట్టరాదని కౌన్సిలు ప్రణాళికలో వ్రాసినచో, పోయిన లాభమునకు పరిహారము ఇమ్మని అతడు అడుగవచ్చును. పరిహారము ఇచ్చు శక్తి చిన్న కౌన్సిళ్లకు ఎక్కడిది? భయపడి ఎవరికిని వద్దని చెప్పలేదు. పొలమని తోచిన ప్రతిదానికి ఇండ్లస్థలమని రంగు వేసిరి. 1937నాటికి ఆ ముసాయిదా ప్రణాళికలలో ఇండ్లకై చూపిన భూమి సుమారు 29 కోట్లమందికి సరిపోవునని లెక్క తేలినది. నాటి ఇంగ్లండు, వేల్సు జనాభా 4 కోట్లు మాత్రమే! అనుమతించుటకే పుట్టిన ప్రణాళికకు ప్రణాళిక అను పేరు ఎట్లు తగునో మాకు తెలియదు.

యుద్ధము వచ్చి బాంబులు పడి పట్టణములు కూలుచున్న కాలముననే మూడు నివేదికలు వెలువడినవి. 1940లో బార్లో నివేదిక పరిశ్రమలును జనమును ఒకే చోట క్రిక్కిరియుటను గురించి చెప్పెను. 1942లో స్కాట్ నివేదిక సాగుభూమిని కాపాడుమనెను. అదే సంవత్సరము ఉత్‌వాట్ అను న్యాయమూర్తి అధ్యక్షతన మరొక సంఘము, అసలు చిక్కును చేతబట్టి, భూమికి కలుగు కొత్తవిలువ ఎవరిది అని విచారించెను. ఊరు పెరుగుటచే పొలము విలువ పదింతలైనచో, ఆ పెరుగుదలకు యజమాని ఏమి చేసెను? రోడ్డు వేసినది ఊరు, రైలు తెచ్చినది ఊరు. ఇది నాటికి సాహసపు ప్రశ్న. నేటికిని తేలిక ప్రశ్న కాదు.

దానికి సమాధానముగ వచ్చినది 1947 నాటి పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టము. లేబరు ప్రభుత్వములో మంత్రియైన లూయిస్ సిల్కిన్ దానిని నడిపెను. ఆగస్టు 6వ తేదీన రాజముద్ర పడినది. మరి తొమ్మిది దినములకు మన దేశము స్వతంత్రమైనది. ప్రణాళికా అధికారము 1,441 చిన్న కౌన్సిళ్లనుండి తీసి 145 పెద్ద కౌన్సిళ్ల చేత పెట్టిరి. 1948 జూలై 1వ తేదీ మొదలు ఇంగ్లండులో భూమి కలవానికి భూమియు ఉన్నది, అప్పటికి దానిని దేనికి వాడుచున్నాడో ఆ వాడుకయు ఉన్నది. కొత్త వాడుకకు మార్చు హక్కు మాత్రము లేదు. అది జాతిపరమైనది. కావలసినవాడు వచ్చి అడుగవలెను. కాదన్నచో సాధారణముగ పరిహారము లేదు. పోయిన హక్కులకు మొత్తము 30 కోట్ల పౌనుల నిధి కేటాయించిరి. అనుమతి పొందినవాడు పెరిగిన విలువనంతను, నూటికి నూరు పాళ్లును, ప్రభుత్వమునకు చెల్లింపవలెనని నియమించిరి.

చివరి నియమము నిలువలేదు. లాభమంతయు పోవునని తెలిసినవాడు భూమిని ఎందుకు అమ్మును? 1951లో గెలిచి వచ్చిన కన్సర్వేటివు ప్రభుత్వము 1953లో ఆ రుసుమును రద్దుచేసెను. నూటికి నూరు అడిగినవానికి చివరకు సున్న మిగిలెనని మేము అనుకొందుము. కొంత తగ్గించి అడిగియుండిన ఏమి జరిగియుండెడిదో! కాని అనుమతి కోరవలెనను నియమమును ఏ పక్షమును తీసివేయలేదు. ఎందుచేత? ప్రతి యజమానియు ఎవరికో ఒకరికి పొరుగువాడే గనుక. తన ఇంటికి స్వేచ్ఛ కోరువాడే ప్రక్కింటికి కట్టడి కోరును.

ఇక ఆ చట్టములోని అసలు మాటకు వత్తము. అభివృద్ధి అనగా నేమి? చట్టము రెండు తలలు పెట్టెను. భూమిపైన, భూమిలోపల, భూమి క్రింద కట్టడము, గని మున్నగు పనులు చేయుట ఒకటి. భవనమును గాని భూమిని గాని వాడు తీరులో గణనీయమైన మార్పు చేయుట రెండవది. గోడ కదలకుండ ఇల్లు మారుట చట్టము కంట పడినది ఈ రెండవ తలలోనే. మరి గణనీయమైన అనగా ఎంత? చట్టము చెప్పలేదు. కొన్ని సంగతులు మాత్రము తేల్చినది. ఒక ఇంటిని రెండు కాపురములుగ విడదీసినచో అది మార్పే. భూమిని సాగుకు వాడుట అభివృద్ధి కాదు. ఇంటి ఆవరణను ఇంటివారి సుఖమునకు వాడుకొనుట మార్పు కాదు. తక్కినది అధికారుల బుద్ధికి, కోర్టుల ఓపికకు విడిచిపెట్టెను.

ప్రతి చిన్న మార్పుకు అర్జీ వచ్చిపడినచో కార్యాలయములు మునిగిపోవును గనుక, 1948లో వినియోగ తరగతుల ఉత్తర్వు వెలువడినది. ఒకే తరగతిలోని ఒక వాడుకనుండి మరొక వాడుకకు మారినచో మార్పు కానట్లే. బట్టల కొట్టు పుస్తకముల కొట్టు కావచ్చును. తరువాత 1950లోను, 1963లోను, 1972లోను దీనిని తిరిగి వ్రాసిరి. 1972 నాటిదానిలో 18 తరగతులు ఉన్నవి. ఈ జాబితాలు చదువుట మాకు నవల చదువుటకన్న ఇంపుగ నున్నదన్న అతిశయోక్తి కాదు. కొట్టు అను తరగతిలో అన్ని కొట్లును చేరవు. వేడి తినుబండారములు అమ్మునది వేరు, పెంపుడు జంతువులను పక్షులను అమ్మునది వేరు, జంతువుల పొట్టపేగులు అమ్మునది వేరు, పిల్లులకు వేయు మాంసము అమ్మునది వేరు. కార్ఖానాలలో నెత్తురు కాచునవి, ఎముకలు ఉడికించునవి, కుళ్లిన మాంసమునుండి పురుగులను పెంచునవి ఒక ప్రత్యేక గుంపు. ఒక జాతి ముక్కు దేనికి ముడుచుకొనునో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి పత్రము దొరకదు.

తరగతులలో ఇమడనివి కోర్టులకు వచ్చినవి. 1959లో గిల్డ్‌ఫర్డు ప్రాంతపు ఒక పొలమును గురించి వ్యాజ్యము నడిచినది. చట్టము అమలైన నాటికి ఆ పొలములో 8 కారవాన్లు, అనగా చక్రములపై కదలు ఇండ్లు, ఉన్నవి. పోగా పోగా 27 అయినవి. వాడుక అదియే, సంఖ్య మాత్రము పెరిగినది, ఇది మార్పా? క్రింది న్యాయాధికారులు కాదనిరి. అప్పీలు కోర్టు ఆ నిర్ణయమును కదపలేదు. సంఖ్య పెరిగినంతమాత్రమున మార్పు కాబోదని అనరాదు, తప్పక అగుననియు అనరాదు. అది సంగతిని బట్టి, మోతాదును బట్టి తేలవలసినదని దాని సారము. నాటినుండి ఈ మోతాదు అను మాటయే ఈ శాస్త్రమునకు మూలస్తంభము.

1963లో వచ్చిన బర్మింగ్‌హామ్ వ్యాజ్యము ఇంతకన్న మనసునకు తగులునది. ఆ కాలమున వెస్టిండీసునుండి, ఇండియా పాకిస్తానులనుండి పనులకై వచ్చిన వేలకొలది జనము ఆ నగరములో కాపురముండిరి. వారికి ఇల్లు అద్దెకిచ్చువారు అరుదు. పాత పెద్ద ఇండ్లను కొన్నవారు గదికొక కుటుంబమును చేర్చి అద్దె తీయుచుండిరి. ఒకప్పుడు ఒకే కుటుంబము ఉన్న ఇల్లు ఇప్పుడు పలువురి బస. నగరసభ దీనిని మానుకొనుమని నోటీసు ఇచ్చెను. మంత్రి నగరసభ మాట త్రోసివేసెను. నాడును మనుష్యులు నివసించిరి, నేడును మనుష్యులే నివసించుచున్నారు. నివాసము నివాసమే గదా అని ఆయన తర్కము. హైకోర్టు ఆ తర్కమును ఒప్పుకొనలేదు. నివాసము అను ఒక్క మాటతో సరిపెట్టరాదు, ఏ విధమైన నివాసమో చూడవలెను, తన కుటుంబముతో ఉండుట వేరు, లాభమునకై గదులు అద్దెకిచ్చుట వేరు కావచ్చును అని చెప్పి, తిరిగి ఆలోచింపుమని మంత్రికి పంపెను.

చట్టదృష్టికి ఆ తీర్పు సరియైనదే. గదికొక పొయ్యి, ఇంటికొక్క మరుగుదొడ్డి, అగ్ని పుట్టినచో తప్పించుకొనుటకు ఒక్క మెట్లదారి: అట్టి ఇండ్లను ఎవరును మెచ్చరు. అయినను నోటీసు అంటించినచో ఆ గదులలోని మనుష్యులు ఎక్కడికి పోవలెను? ఆ ప్రశ్నకు ప్రణాళికా చట్టములో జవాబు లేదు. భవనమునకు ఏ వాడుక తగదో అది చెప్పగలదు. వెళ్లగొట్టబడినవానికి చోటు చూపుట దాని పని కాదు. ఈ లోటు పలు దేశములలో మరల మరల కనబడుచునే యున్నది.

చేసిన మార్పునకే కాక మానిన పనికిని చట్టము లెక్క కట్టును. ఒక ఊరిలో పెట్రోలు అమ్మకము, కార్ల అమ్మకము రెండును సాగిన స్థలము ఉండెను. 1961లో యజమాని చనిపోయెను. కొడుకునకు అనుభవము చాలదని అతని భార్య కార్ల అమ్మకము ఆపించి పెట్రోలు మాత్రమే సాగనిచ్చెను. 1965లో స్థలము కొన్నవాడు తిరిగి కార్లు అమ్మబోయినచో, ఆ వాడుక విడిచిపెట్టబడినది, ఇప్పుడు మరల మొదలుపెట్టుట కొత్త మార్పే అని అప్పీలు కోర్టు 1969లో తీర్పు చెప్పెను. భర్త పోయిన ఇల్లాలు జాగ్రత్తకై ఆపిన వ్యాపారము నాలుగేండ్లలో హక్కుగ లేకుండ పోయినది. మరొక వ్యాజ్యమున ఒక ఇంటిలో 44 కుక్కలను ముచ్చటకు పెంచుకొనుటను గురించి తర్కము జరిగెను. కుక్కను పెంచుకొనుట ఇంటివారి సుఖమే. నలువది నాలుగింటిని పెంచుట మామూలు గృహసుఖము కాదని 1990లో కోర్టు తేల్చి, ఆరింటికి పరిమితము చేసిన నోటీసును నిలిపెను. ఏడవ కుక్కతో ఇల్లు ఇల్లు కాకుండ పోవునా అని అడుగరాదు. మోతాదు అన్న తరువాత గీత ఎక్కడనో ఒకచోట గీయవలసినదే.

కాలము గడిచినచో తప్పు ఒప్పగునా? 1991 సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు పది సంవత్సరములు సాగినచో దానిపై చర్య లేదు. భవనమును ఒకే కాపురపు ఇల్లుగ మార్చినచో నాలుగు సంవత్సరములే చాలును. అమాయకునికి నిశ్చింత కలిగించుటకు పెట్టిన ఈ గడువును మాయావి ఎట్లు వాడుకొనెనో చూడుడు. హెర్ట్‌ఫర్డ్‌షైరులో ఒకడు గడ్డి దాచు కొట్టము కట్టుటకు 2001లో అనుమతి పొందెను. 2002లో కట్టినది బయటికి కొట్టమే. లోపల పడకగదులు, స్నానపుగదులు, చదువుగది! నాలుగేండ్లు భార్యతో గుట్టుగ కాపురముండి, 2006లో వచ్చి, గడువు తీరినది, ఇది ఇల్లేనని ధ్రువపత్రము ఇండని అడిగెను. 2011లో సుప్రీముకోర్టు అతనికి రెండు జవాబులు చెప్పెను. మొదటిది: ఇది ఏనాడును కొట్టము కాలేదు, మొదటినుండియు ఇల్లే, ఇక వాడుక మారినదెక్కడ? రెండవది: తన మోసముచే తానే లాభము పొందరాదు. అదే సంవత్సరము పార్లమెంటు దాపరికము చేసినవారికి గడువు వర్తింపకుండ చట్టము మార్చెను. 2024 ఏప్రిలునుండి ఇంగ్లండులో ఆ నాలుగేండ్ల గడువును కూడ పదేండ్లు చేసిరి.

ఇటీవలి కాలమున గాలి అటువైపు తిరిగినది. తరగతులు పెద్దవైనవి. 1987 ఉత్తర్వు కార్యాలయములను, తేలిక పరిశ్రమలను ఒక తరగతిలో చేర్చెను. 2020 సెప్టెంబరు 1నుండి కొట్లు, భోజనశాలలు, కార్యాలయములు, వైద్యశాలలు, పసిపిల్లల బడులు, వ్యాయామశాలలు అన్నియు ఒకే తరగతి. 2013లోనే కార్యాలయ భవనమును ఇండ్లుగ మార్చుటకు పూర్తి అనుమతితో పని లేదని ప్రభుత్వము ప్రకటించెను. ఇండ్ల కరవు అంత హెచ్చైనది. దాని ఫలమును హార్లో పట్టణములో చూడవచ్చును. 1947లో, ప్రణాళికా చట్టము పుట్టిన ఏటనే, పచ్చిక బయళ్లతో ఆదర్శనగరముగ సంకల్పింపబడిన ఊరు అది. అక్కడ పదునాలుగు అంతస్తుల పాత కార్యాలయమును చిన్న చిన్న గదులుగ చీల్చి రెండు వందలకు పైగా కాపురములను చేర్చిరి. కార్యాలయములో ఒక్కొక్క అంతస్తున నడిమి బల్లలకు కిటికీ లేకున్నను పని జరుగును. రాత్రిపగలు ఉండు బిడ్డలకు జరుగదు. అట్లు మార్చిన ఇండ్లలో కొన్నింటికి కిటికీయే లేదని బయటపడిన తరువాత, 2020లో, మనుష్యులుండు ముఖ్యమైన గదులన్నిటికి చాలినంత వెలుగు ఉండవలెననియు, 2021 ఏప్రిలునుండి కనీసపు వైశాల్యము ఉండవలెననియు నియమములు చేర్చిరి. ఇరువదియొకటవ శతాబ్దమున ఇంటికి వెలుతురు కావలెనని చట్టములో వ్రాయవలసివచ్చెను.

ఇక ఈ మాటలు సముద్రము దాటిన కథ. 1957 నాటి ఢిల్లీ అభివృద్ధి చట్టములో అభివృద్ధికి ఇచ్చిన నిర్వచనము ఇంచుమించు 1947 నాటి ఇంగ్లీషు వాక్యమే. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టములోను అదియే. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఆ చట్టముక్రిందనే ఏర్పడినది. 2016లో ఆంధ్రప్రదేశ్ తనకు వేరుగ చట్టము చేసికొనెను. ఓడలో ఒక మాట జారిపోయినది: అక్కడ భూమిని వాడు తీరులో మార్పు అని ఉన్నచోట ఇక్కడ భూమిలో గాని భవనములో గాని మార్పు అని మాత్రమే ఉన్నది. ఆ లోటును ఢిల్లీ చట్టము వేరొక సెక్షనుతో పూడ్చెను: ప్రణాళికలో చూపినదానికి విరుద్ధముగ ఏ భూమిని, ఏ భవనమును వాడరాదు. ఇంగ్లండులో ప్రతి అర్జీని విడివిడిగ తూచుదురు. మనము రంగుల పటముమీద పసుపు పడినచో ఇల్లని, మరొక రంగు పడినచో అంగడియని ముందే గీత గీసితిమి. మన బజారు వీధులలో క్రింద కొట్టు, పైన కాపురము తాతలనాటి అలవాటు. ఆ రెండును పటములో ఒకే చోట పట్టలేదు.

పటమును మార్చుట సుకరమనుకొన్న అధికారులకు బెంగుళూరులో ఎదురుదెబ్బ తగిలినది. అక్కడ రాజమహల్ విలాస్ విస్తరణములో పార్కుకు వదలిన స్థలమును ముఖ్యమంత్రి ఆదేశముపై ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిరి. ఆ పేటవారు కోర్టుకు పోయిరి. ఆసుపత్రి మంచిది కాదని ఎవరనగలరు? కాని 1991లో సుప్రీముకోర్టు పార్కు పార్కుగనే ఉండవలెనని తేల్చెను. ప్రజల గాలికి విడిచిన చోటును ఒకరి ఇష్టముచే మరొకదానికి మార్చరాదనియు, తమ పేటలోని ఆ స్థలమును గురించి అడుగుటకు ఆ పేటవారికి హక్కు కలదనియు ఆ తీర్పు సారము. లెస్టరు స్క్వేరు తోటకు ఒక దస్తావేజు కావలసివచ్చెను. ఇక్కడ ఇరుగుపొరుగువారికి దస్తావేజు లేకయే హక్కు దొరకెను.

ఢిల్లీ కథ ఇంత సుఖముగ లేదు. 1962 మాస్టరు ప్లాను నివాసమని చూపిన వీధులలో దశాబ్దములుగ కొట్లు, గోదాములు, కార్యాలయములు వెలసినవి. అధికారులు చూచియు చూడనట్లుండిరి. లైసెన్సులు, విద్యుత్తు కూడ దొరకెను. 2006 ఫిబ్రవరి 16న సుప్రీముకోర్టు, ఇంత బాహాటమైన అతిక్రమణను సహింపరాదని, నివాస భవనములలోని వ్యాపారములకు సీలు వేయుమని ఆజ్ఞాపించెను. మార్చి నెలలో పని మొదలైనది. తండ్రి పెట్టిన కొట్టుకు తాళము పడుట చూచి కొడుకు నిలువునీరగుటయు నిజము. ఇంటి ప్రక్కన పగలంతయు లారీలు దింపుకొనుట భరించి భరించి విసిగిన ముసలివారు తీర్పు విని ఊపిరి పీల్చుకొనుటయు నిజమే. బజారులు మూతపడినవి. సెప్టెంబరులో సీలంపూరు ప్రాంతమున జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులు జరిగి మనుష్యులు చనిపోయిరి.

పార్లమెంటు మే నెలలోనే ఒక ప్రత్యేక చట్టము చేసి, సంవత్సరముపాటు చర్యలు ఆపుమని చెప్పియుండెను. ప్రభుత్వము రెండు వేలకు పైగా వీధులలో వ్యాపారమును ఒప్పుకొనుచు ప్రకటన ఇచ్చెను. 2007 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మాస్టరు ప్లానులో ఇల్లును కొట్టును కలిసియుండు మిశ్ర వినియోగమునకు చోటు దొరకెను. నలువదియైదేండ్లు పటము జనమును దిద్దబోయి, చివరకు జనమే పటమును దిద్దిరి. కాని సంవత్సరమునకని చేసిన ఆ ప్రత్యేక రక్షణ ఒక సంవత్సరముతో తీరలేదు. గడువు ముగియవచ్చినప్పుడెల్ల మరొక చట్టము వచ్చి దానిని పొడిగించుచు వచ్చినది. 2023 డిసెంబరులో పార్లమెంటు దానిని మరి మూడేండ్లు, 2026 డిసెంబరు 31వ తేదీవరకు, పొడిగించెను.